పాలు తాగని పాము

కుక్కను పెంచుకుంటే ఎందుకని ఎవరూ అడగరు. చట్టం వద్దంటున్నా చిలుకను పంజరంలో పెట్టి రెక్కలు కత్తిరిస్తే "ఎంత ముద్దుగుందో" అంటారు. నేను పామును పెంచుతున్నానంటే మాత్రం జనగామలో మా కాలేజీ స్టాఫ్‌రూమ్ మొదలుకొని కూరగాయల బండి దాకా అందరికీ సంజాయిషీ చెప్పుకోవాలి. మొదట్లో ఓపికగా చెప్పేదాన్ని. తర్వాత "నా ఇష్టం" అనడం మొదలుపెట్టాను. ఆ రెండు మాటల్లో ఎంత సుఖం ఉందో అన్నప్పుడే తెలిసింది.

ఎందుకు పెంచుతున్నానో ఇక్కడ మాత్రం చెబుతాను, ఎందుకంటే ఇక్కడ ఎవరూ నన్ను మధ్యలో ఆపలేరు. భూపాలపల్లి జిల్లాలో, టేకుమట్ల దగ్గర ఒక బడిలో నా తొలి ఉద్యోగం. ఒకరోజు వరండాలోకి జెర్రిపోతు వచ్చింది. ఎలుకల కోసం తిరిగే పాము, విషం లేనిది. నేను క్లాసులోంచి పరిగెత్తుకొచ్చేసరికి మా సార్లు దాన్ని కొట్టి చంపి, కట్టె కొనకు వేలాడదీసి నవ్వుతున్నారు. "సైన్స్ మేడం, గిదేం పామో పిల్లలకు జర చెప్పుండ్రి" అన్నారు. చెప్పాను. అదేం పామో చెప్పాను, దాన్ని చంపినవాళ్ల తెలివి ఎంతో కూడా పిల్లల ముందే చెప్పాను. ఆ తర్వాత ఆ స్టాఫ్‌రూమ్‌లో నాతో మాట్లాడేవాళ్లు కరువయ్యారు. నాకు ప్రశాంతంగా పేపర్లు దిద్దుకునే తీరిక దొరికింది. ఎప్పటికైనా ఒక పామును నా ఇంట్లో, నా కళ్ల ముందు, ఎవరి కట్టెకూ అందకుండా బతికించుకోవాలని అప్పుడే అనుకున్నాను.

ఇక్కడి పామును ఇంట్లో పెట్టుకుంటే జైలుకు పోతాం. అందుకని హైదరాబాదులో పాములు పెంచే ఒకాయన దగ్గర పరాయి దేశపు పాము పిల్లను తెచ్చుకున్నాను. కార్న్ స్నేక్ అంటారు. ప్రభుత్వం దగ్గర నా పేరున నమోదు కూడా చేయించాను. పెన్సిలంత సన్నగా, ఒంటి నిండా ఎర్రమట్టి రంగు మచ్చలతో ఉంటుంది. విషం లేదు. ఫోన్లో ఆ పేరును తెలుగు చేసి మా యాడికి చెప్పాను, అంటే మా అమ్మకు, మా లంబాడి మాటలో అమ్మను అలాగే పిలుస్తాం. యాడి అడిగింది: "మక్కజొన్న పామా? మరి మక్కలు తింటదా?"

"మక్కల కోసం వచ్చే ఎలుకలను తింటది యాడీ."

"గట్లయితే గీడికి తోలు. మన పెద్దవంగరల ఉన్నన్ని ఎలుకలు యాడ లేవు."

అంత సులువైతే నాకు ఈ కథే లేదు. నేను తెచ్చిన పిల్ల గుడ్డు పగిలి బయటికొచ్చి, తొలి కుబుసం విడిచి, ఇంకా ఏమీ తిననిది. అమ్మినాయన మంచివాడే, ముందే చెప్పాడు. కొన్ని పిల్లలు తొలి ముద్ద దగ్గరే మొండికేస్తాయని, వాటికి తినడం మొదలుపెట్టించడమే పెద్ద పని అని, ఒక్కసారి తింటే ఇక ఆగవని. "తినకపోతే?" అన్నాను. "బక్కచిక్కి పోతది మేడం" అన్నాడు. అయినా తెచ్చుకున్నాను. తినే పిల్లను ఎవరైనా తెచ్చుకుంటారు.

దీని తిండి కళ్లు తెరవని ఎలుక పిల్లలు. గడ్డకట్టించినవి అమ్ముతారు. మంచుముక్కల మధ్య పెట్టుకుని సికింద్రాబాదు నుంచి రైల్లో తెచ్చాను. పక్కసీటు ఆవిడ "ఐస్‌క్రీమా?" అని ఆశగా అడిగింది. కాదన్నాను. ఇంటికొచ్చి ఫ్రిజ్‌లో పై అరలో, మందుల డబ్బాలో పెట్టి, ముందర బఠాణీల ప్యాకెట్టు అడ్డం పెట్టాను. అడ్డం ఎందుకు పెట్టాల్సి వచ్చిందో చెప్పాలంటే మా ఇంటి ఓనరమ్మ గురించి చెప్పాలి.

ఆమెది బచ్చన్నపేట దగ్గర ఊరు, భూములున్న ఇల్లు. జనగామలో రెండంతస్తులు కట్టుకుని కింద తాముంటూ పైభాగం నాకిచ్చారు. ఇల్లు అడగడానికి వెళ్లినప్పుడు కులం తిన్నగా అడగకుండా "మీ ఊరేది, ఊర్లె ఎటుదిక్కు ఇల్లు" అని చుట్టూ తిరిగింది. "తండా అమ్మా, లంబాడోళ్లం" అని నేనే చెప్పి ఆమె శ్రమ తగ్గించాను. కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. ఒక్కటే షరతు: శ్రావణమాసం నీసు గడప దాటి లోపలికి రావద్దు. మిగతా నెలల్లో వాళ్లింట్లో ఆదివారం వచ్చిందంటే మటన్ వాసన నా గది దాకా వచ్చేది, దాని మీద నేనేమీ అనలేదు. శ్రావణంలో నేను బయట తిని వచ్చేదాన్ని. గుడ్డు కూడా తెచ్చేదాన్ని కాదు. ఉద్యోగం చేసుకునే ఒంటరి ఆడదానికి జనగామలో ఇల్లు దొరకడం ఎంత కష్టమో తెలుసు కాబట్టి తలవంచాను, మనసొప్పి కాదు.

పాము వచ్చింది శ్రావణానికి రెండు వారాల ముందు; అది తొలి ముద్ద తినకముందే శ్రావణం వచ్చేసింది.

పామును చూసి ఆమె గొడవ చేస్తుందనుకున్నాను. చేయలేదు. చెంపలు వేసుకుని, దండం పెట్టి, "నాగన్న పిల్ల" అంది. నాగుపాము కాదమ్మా అంటే వినలేదు. "ఏం తింటది" అని అడిగితే నిజం చెప్పేదాన్నేమో. ఆమె అడగలేదు. పాలు తాగుతుందని ఆమెకు పుట్టినప్పటి నుంచీ తెలుసు.

మొదటిసారి ఎలుక పిల్లను గోరువెచ్చని నీళ్లలో మెత్తబరిచి, తడి తుడిచి, సన్న పటకారుతో దాని ముందు ఆడించాను. పాము పిల్ల వెనక్కి ముడుచుకుని, తోకను గడగడ కొట్టి, నన్ను కాటు వేయబోయింది. గోరంత నోటితో అంత పౌరుషం. నాకు నచ్చింది. తినలేదు. రెండోసారి ఆడించకుండా అక్కడే పెట్టి వదిలేశాను. తెల్లవారి చూస్తే ఎలుక పిల్ల పెట్టినచోటే ఉంది. ఇంకోసారి అమ్మినాయన చెప్పినట్టు ఎలుక పిల్ల తల మీద సూదితో గాటు పెట్టి వాసన తెప్పించాను. చిన్న డబ్బాలో చీకటి చేసి పెట్టాను. ముట్టలేదు. వెన్ను మీద ఎముక గీత కనబడటం మొదలైంది. క్లాసులో జీర్ణవ్యవస్థ చెబుతుంటే మధ్యలో మాట మర్చిపోయేదాన్ని. పిల్లలు నా మొహం చూసేవాళ్లు.

పాము అమ్మినాయనకు ఫోన్ చేస్తే ఇంకో మాట చెప్పాడు. వీటి పుట్టింటి అడవుల్లో పిల్లలు మొదట తినేది ఎలుకలను కాదట, చిన్న బల్లులనట. ఎలుకను చూస్తే కొన్నిటికి తిండి అని తోచదట. "ఇంట్ల బల్లి ఉంటది కద మేడం. దాని తోక ముక్క ఉన్నా సాలు. ఎలుక పిల్లకు రుద్ది పెట్టుండ్రి, బల్లి వాసనకు తినేస్తది." బల్లి తోక తెగితే మళ్లీ మొలుస్తుందని ఏటా ఇంటర్ పిల్లలకు చెప్పేదాన్ని నేనే కదా, ఎంతపని అనుకున్నాను. ట్యూబ్‌లైటు కింద కుర్చీ వేసుకుని ఎక్కాను, గ్లాసు బోర్లించాను, చీపురు పట్టుకుని గోడల వెంట తిరిగాను. తల ప్రాణం తోకకొచ్చింది కానీ బల్లి తోక నా చేతికి రాలేదు. మా ఇంటి బల్లులకు నాకంటే ఎక్కువ జంతుశాస్త్రం తెలుసు.

ఈలోగా నాగులపంచమి వచ్చింది. ఆ రోజు మాకు కాలేజీ ఉంది. నేను లేనప్పుడు ఓనరమ్మ తన దగ్గరున్న తాళంచెవితో నా గది తెరిచింది. సాయంత్రం వచ్చి చూస్తే పాము డబ్బా ముందు అగరొత్తుల బూడిద, లోపల నీళ్లగిన్నె నిండా పాలు. గిన్నె చాలలేదేమో, పైనుంచి కూడా పోసింది. పసుపు, కుంకుమ చల్లింది. అడుగున పరిచిన కాగితాలన్నీ తడిసి, కింద వెచ్చదనానికి పెట్టిన పట్టీ వేడికి పాలు విరిగి కంపు కొడుతున్నాయి. నా పిల్ల మూత మూలకు ముక్కు ఆనించి, పొడి చోటు కోసం వెతుక్కుంటోంది. నుదుట కుంకుమ అంటుకుని ఉంది.

గోరువెచ్చని నీళ్లతో దాన్ని కడిగాను. చేతిలో బరువే లేదు. కడుగుతూ ఏడ్చాను, భయంతో కాదు, కోపంతో. డబ్బా శుభ్రం చేసి, దాన్ని పొడిబట్టలో వదిలి, కిందికి దిగాను.

"అమ్మా, నేను లేనప్పుడు నా గది ఎందుకు తెరిచినవ్?"

"పండుగ పూట ఇంట్ల నాగన్న ఉపాసం ఉంటే ఎట్ల బిడ్డా? నువ్వేమో పట్టించుకుంటలేవు."

"పాలు పోస్తే చస్తది అది."

"పుట్టల పోస్తే పుణ్యం, నీ డబ్బల పోస్తే పాపమా?"

"పుట్టల పోస్తే గూడ పాము తాగదమ్మా. మునుగుతది. తాళంచెవి ఇయ్యి."

అంతవరకు ఆమెతో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఇచ్చింది. ఇస్తూ తలుపు సందులోంచి లోపలికి చూపించింది. ఏడో నెల కడుపుతో ఉన్న ఆమె బిడ్డ మంచం మీద పడుకుని ఉంది. అంతకు ముందొకసారి కడుపు పోయిందట. "దాని మొహం సూడు" అంది ఓనరమ్మ, గొంతు తగ్గించి. "నీ పాము బతికితే నాకేం బాధ లేదు, దండం పెట్టుకుంటా. కానీ అది నా ఇంట్ల సావద్దు. కడుపుతోటి పిల్ల ఉన్న ఇంట్ల పాము సస్తే దోషం. అది తింటలేదని నాకు ఎరికే. తినకపోతే ఈ ఆదివారం దాటక ముందే దాన్ని తీస్కొని ఇల్లు ఖాళీ చెయ్యి."

ఆమె భయం నకిలీది కాదు. ఆ రోజు నాకది కనబడింది. కానీ ఆమె భయం ఎంత నిజమైనా, దానికి నా పిల్లను పాలల్లో ముంచుతానంటే ఊరుకోను. పైకి వచ్చి తలుపు గడియ పెట్టుకున్నాను. ఖాళీ చేయమంటే చేస్తాను, ఈ పాము మాత్రం తినాలి అనుకున్నాను. ఇల్లు ఇంకోటి వెతుక్కోవచ్చు.

శనివారం యాడి వచ్చింది. మోకాళ్ల నొప్పులు, జనగామ దవాఖానలో చూపించుకోవాలి. మహబూబాబాద్ వైపు మిర్చి చేలల్లో జీవితమంతా వంగి ఏరిన మోకాళ్లు. పాము డబ్బాలోకి తొంగి చూసి "గింతేనా" అంది. ఆమె పాములకు భయపడదు. తేలును చెప్పుతో ఊడ్చి అవతల పారేస్తుంది. మా యాడి ఈ భూమ్మీద భయపడేది ఒక్క బల్లికే. బల్లి పైన పడితే తలస్నానం చేసి దీపం పెట్టేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టదు.

ఆదివారం పొద్దున యాడి నా గదిలో నేల మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను ఆఖరి ప్రయత్నంగా ఎలుక పిల్లను వేడినీళ్లలో వేశాను. పైన ట్యూబ్‌లైటు దగ్గర రెండు బల్లులు కొట్లాడుకున్నాయి. ఒకటి పట్టు తప్పి సరిగ్గా యాడి భుజం మీద పడింది.

ఆ కేక కింది ఇంటివాళ్లకే కాదు, వీధి చివర మిల్లుకు కూడా వినబడి ఉంటుంది. బియ్యం చేట ఎగిరింది. యాడి కొంగుతో విసిరికొట్టిన బల్లి గోడకు తగిలి, తోక వదిలేసి, బీరువా వెనక్కి దూరింది. తోక నేల మీద ఎగిరెగిరి పడుతోంది.

నేను బియ్యం మీదుగా దూకి తోకను పట్టుకున్నాను.

"తల్లి మీద బల్లి పడితే నువ్వు తోక ఏరుకుంటున్నవా?" అని యాడి మా మాటలో తిట్టడం మొదలుపెట్టింది. మా మాటకు రాత లేదు, తిట్లకు మాత్రం కొదవ లేదు. వాటిని తెలుగులో రాయను. ఆమె తిడుతూనే స్నానాలగదిలోకి పోయింది. నేను తోకను ఎలుక పిల్ల ఒంటికి ముక్కు నుంచి వెనక దాకా రుద్దాను. పాము పిల్లను చిన్న డబ్బాలోకి మార్చి, ఎలుక పిల్లను దాని ముందు పెట్టి, మూత వేసి, పైన తువ్వాల కప్పాను. తర్వాత డబ్బాకు వీపు పెట్టి కూర్చుని నేలమీది బియ్యం ఎత్తసాగాను. చూడకుండా ఉండటం నాకు చేతకాని పని. అయినా చూడలేదు.

యాడి తలస్నానం చేసి, దీపం పెట్టుకుని, జుట్టు తుడుచుకుంటుండగా ఓనరమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. పాము ఎవరినో కరిచిందనుకుంది. బల్లి అని తెలిశాక కాస్త కుదుటపడి, ఏ భుజమో అడిగి, మంచిదేలే అని యాడికి ధైర్యం చెప్పింది. అప్పుడు ఆమె చూపు తువ్వాల మీద పడింది. "ఆదివారం ఆయె" అంది. "సచ్చిందా?"

నాకూ తెలియదు. తువ్వాల తీశాను.

డబ్బాలో ఎలుక పిల్ల లేదు. పాము పిల్ల చుట్ట చుట్టుకుని ఉంది, నడిమిట్ల గోలీకాయంత ఉబ్బు. నన్ను చూసి నాలుక ఆడించింది. నేను ఏమన్నానో గుర్తులేదు. యాడి తర్వాత చెప్పింది, చిన్నపిల్లలాగా చప్పట్లు కొట్టానని.

"పొట్ట నిండినట్టుంది" అంది ఓనరమ్మ. చేతులు వాటంతటవే జోడయ్యాయి. కళ్లలో నీళ్లు. "ఏం పెట్టినవ్ బిడ్డా?"

నేను నోరు తెరిచే లోపలే యాడి అందుకుంది. తెలుగులో, తేనె పూసినట్టు: "పాలమ్మా. పొద్దుగాల్నే పాలు వోసింది. అన్ని తాగింది." నా వైపు తిరిగి మా మాటలో, మెల్లగా: "నోరు మూసుకో బేటీ. ఇల్లు నిలబడ్తది."

ఇల్లు నిలబడేదే. ఓనరమ్మ అప్పటికే నవ్వుతోంది. "నేను జెప్పలే? పంచమి నాడు నేను వోసిన పాలే దానికి దారి జూపినయ్. ఇగ రోజు నేనే తెస్త" అంటోంది. ఇంకొక్క నిమిషం మాట్లాడకుండా ఉంటే చాలు. యాడి జీవితమంతా అలా మాట్లాడకుండానే ఇళ్లు నిలబెట్టింది. చేలల్లో దొరల ముందు, బజారులో షావుకార్ల ముందు, నా ఫీజుల కోసం మా సార్ల ముందు. ఆమెను నేను తప్పుపట్టను. కానీ నా చేతిలో ఉన్నది రేపు మళ్లీ పాలల్లో మునగబోయే పిల్ల.

"పాలు తాగలేదమ్మా" అన్నాను. "ఎలుక పిల్లను తిన్నది. దానికి బల్లి తోక రుద్ది పెట్టిన, గప్పుడు తిన్నది. ఎలుక పిల్లలు నా ఫ్రిజ్‌ల ఉన్నయ్. శ్రావణం రాకముందు నుంచే ఉన్నయ్."

యాడి తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుంది. ఓనరమ్మ ఒకడుగు వెనక్కి వేసి, ఫ్రిజ్ వైపు, పాము వైపు, నా వైపు చూసింది. ఆమె మొహంలో కోపం రావాలా, భయం రావాలా అని తేలక రెండూ ఆగిపోయాయి. నీసు వద్దంటే పాము చస్తుంది. పాము చావద్దంటే నీసు ఇంట్లోకి రావాలి. ఆ లెక్క ఆమెకు నేను విప్పి చెప్పక్కర్లేదు.

కింది నుంచి ఆమె బిడ్డ పిలిచింది. "ఏమైందే అమ్మా? బతికే ఉన్నదా?"

"బతికే ఉన్నది" అని అరిచి చెప్పింది ఓనరమ్మ. తర్వాత నా దగ్గరికి వచ్చి, ఇల్లుగలావిడలా కాకుండా, బతిమాలుతున్నట్టు అడిగింది. "ఒక్క మాట ఇను బిడ్డా. గా ఎలుకలేవో శ్రావణం ఎల్లినంక పెట్టరాదు? గప్పటిదాంక ఆగదా అది?"

"ఆగదు. దానికి శ్రావణం లేదమ్మా" అన్నాను. "మాకు గూడ లేదు. ఇన్నేండ్లు నీ ఇంటి కోసం ఉన్నట్టు చేసిన."

ఆమె వంగి చాలాసేపు డబ్బాలోని ఉబ్బును చూసింది. తర్వాత కొంగు నడుముకు చెక్కుకుని మెట్లు దిగిపోయింది. ఖాళీ చేయమని ఆ రోజు అనలేదు, ఆ తర్వాతా అనలేదు. యాడి మాత్రం సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. మాట్లాడినప్పుడు కూడా ఒక్కటే మాట అంది, బజారుకు సంచి తీసుకుంటూ: "మటన్ యాడ మంచిగ దొరుకుతది?"